ఉద్యోగం మెడికల్‌లో హెచ్ఐవీ టెస్టు ఉంటే ఏం చేయాలి: సమాధానం

హెచ్ఐవీకి మాత్రలు వాడుతున్న మీకు మాదాపూర్‌లో ఉద్యోగం ఆఫర్ వచ్చిందని, చేరేముందు చేసే మెడికల్‌లో హెచ్ఐవీ టెస్టు ఉందని, ఏం చేయాలని అడిగారు. బహుశా అది ల్యాబ్ ప్యాకేజీలో కలిసి వచ్చిన టెస్టు, మాదాపూర్ ఆఫీసువాళ్లు మీకోసం పనిగట్టుకుని పెట్టింది కాకపోవచ్చు. ఎలా వచ్చినా సరే, 2017 హెచ్ఐవీ చట్టం ప్రకారం ఉద్యోగానికి ఆ టెస్టు షరతు పెట్టకూడదు. భయపడి ఆఫర్ వదులుకోకండి.

1. ఏయే టెస్టులు చేస్తారో హెచ్ఆర్‌ని మెయిల్‌లో అడగండి. ఆ లిస్టులో హెచ్ఐవీ టెస్టు ఉంటే, చట్టం ఒప్పుకోదు కాబట్టి తీసేయమని ఒక్క లైను రాయండి. మీ గురించి ఏమీ చెప్పనక్కర్లేదు.

2. చాలామంది వదిలేసేది ఇదే. ల్యాబ్‌లో హడావిడిగా సంతకం పెట్టించుకునే కాగితమే మీ సమ్మతి పత్రం, రక్తం ఇచ్చే ముందు కూర్చుని మొత్తం చదవండి, హెచ్ఐవీ అని ఉంటే కొట్టేయండి, రిపోర్టు కంపెనీకి పంపవచ్చనే లైను ఉందేమో కూడా చూసి అప్పుడే సంతకం పెట్టండి. ఫోటో తీసి పెట్టుకోండి. తొందరపెట్టినా సరే, ఆగి చదవడం మీ హక్కు.

3. హెచ్ఐవీ మాత్రలు నాలుగు రోజులు ఆపితే టెస్టు నెగటివ్ వస్తుందని మీ ఫ్రెండ్ అన్నది పూర్తిగా తప్పు. రాదు, పైగా వైరస్ మళ్లీ పెరుగుతుంది. దయచేసి ఒక్క పూట కూడా ఆపకండి.

అయినా కంపెనీవాళ్లు టెస్టు చేయించాల్సిందేనని పట్టుబడితే జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, ఉచితం.