700 జీబీ ఖాళీ ఉన్నా లాప్‌టాప్ నెమ్మదిగానే ఉంది: ముందు ర్యామా, ఎస్‌ఎస్‌డీనా?

ఒకరి లాప్‌టాప్‌లో ఉన్నవి ఐదో తరం కోర్ ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ (నడుస్తున్న పని తాత్కాలికంగా ఉండే మెమరీ), 1 టీబీ హార్డ్ డిస్క్. అందులో 700 జీబీ ఖాళీ ఉన్నా విండోస్ 10 తెరుచుకోవడానికే నిమిషాలు పడుతోంది, ఫొటోలన్నీ తీసేసినా తేడా లేదు, ర్యామ్ 8 జీబీ చేయిస్తే సరిపోతుందా అని అడిగారు. ఈ లాప్‌టాప్‌కి ముందు ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వేసే, చిప్‌ల మీద డేటా దాచే డ్రైవ్), తర్వాత ర్యామ్. ఒక్కదానికే డబ్బులు సరిపోతాయంటే ఎస్‌ఎస్‌డీయే వేయించండి.

డిస్క్‌లో ఊరికే పడి ఉన్న ఫొటోలు, సినిమాలు వేగాన్ని తగ్గించవు. సీ డ్రైవ్ నిండిపోయి అప్‌డేట్లకీ, పేజ్‌ఫైల్‌కీ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడుకునే ఫైల్) చోటు లేనప్పుడే ఖాళీ చేస్తే ఫలితం కనిపిస్తుంది. అసలు ఇబ్బంది డిస్క్ తిరగడంలో ఉంది. లాప్‌టాప్ హార్డ్ డిస్కులు ఎక్కువగా నిమిషానికి 5400 చుట్లు తిరుగుతాయి, అంటే చుట్టుకి 11 మిల్లీసెకన్లు. డేటా చదివే హెడ్ సరైన ట్రాక్ (డిస్క్ మీది వలయం) మీదికి జరగాలి, కావలసిన చోటు దాని కిందికి వచ్చేదాకా ఆగాలి. ఇలా ఒక్కో చిన్న ముక్కకి 12 నుంచి 18 మిల్లీసెకన్లు పోతాయి. సెకనుకి డెబ్బై ఎనభై ముక్కలు అందితే గొప్ప. 4 కేబీ ముక్కలైతే మొత్తం కలిపి 300 కేబీ చుట్టూ. ఒకే పెద్ద సినిమా ఫైల్ కాపీ చేస్తే ఇదే డిస్క్ సెకనుకి 100 ఎంబీ దాకా ఇస్తుంది, అందుకే డిస్క్ బాగానే ఉందనిపిస్తుంది. విండోస్ బూట్ అయ్యేటప్పుడు, అంటే ఆన్ చేశాక తెరుచుకునేటప్పుడు, చదివేవి మాత్రం వేల చిన్న ఫైళ్లు. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు కాబట్టి ఆ ముక్క మిల్లీసెకనులో పదో వంతులో వచ్చేస్తుంది. ర్యామ్ దానికన్నా దాదాపు వెయ్యి రెట్లు వేగం, కానీ కరెంటు పోగానే అందులో ఉన్నదంతా పోతుంది.

4 జీబీలో సగం దాకా విండోస్‌కే పోతుంది, కొంత గ్రాఫిక్స్ తీసుకుంటుంది. క్రోమ్‌లో పది ట్యాబులు తెరిస్తే మిగతాది నిండిపోయి, విండోస్ అప్పటికి వాడకంలో లేనిదాన్ని పేజ్‌ఫైల్ పేరుతో డిస్క్ మీదికి తోస్తుంది. మళ్లీ ఆ ట్యాబ్ నొక్కితే దాన్ని ముక్కముక్కగా వెనక్కి తేవాలి. మౌస్ కదులుతూనే ఉంటుంది, ఏదీ తెరుచుకోదు. ర్యామ్ పెంచితే ఈ రాకపోకలు తగ్గుతాయి గానీ బూట్ అయ్యే సమయం మారదు. ఎస్‌ఎస్‌డీ వేస్తే బూటూ బాగుపడుతుంది, పేజ్‌ఫైల్ బాధా చాలావరకు తగ్గుతుంది. ముందు ఎస్‌ఎస్‌డీ అన్నది అందుకే.

కొనే ముందు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ చూడండి. డిస్క్ 100 శాతం చూపిస్తూ రీడ్ స్పీడ్ 1, 2 ఎంబీ దగ్గరే కొట్టుకుంటుంటే పైన చెప్పిందే జరుగుతోంది. మెమరీ పేజీలో ‘కమిటెడ్’ దగ్గర మొదటి అంకె మీ ర్యామ్‌ని బాగా దాటి ఉంటే ర్యామ్ కూడా చాలట్లేదు. ర్యామ్ స్టిక్‌కి ఖాళీ స్లాట్ ఉందో లేదో చెప్పే ‘స్లాట్స్ యూజ్డ్’ కూడా అక్కడే ఉంటుంది. డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో ‘కరెంట్ పెండింగ్ సెక్టార్ కౌంట్’ (డిస్క్ సరిగా చదవలేకపోతున్న చోట్ల లెక్క) సున్నా కాకపోతే ఇంకేమీ చేయకండి, ముందు డేటా కాపీ చేసుకోండి.

కొనాల్సింది 2.5 అంగుళాల సాటా (హార్డ్ డిస్క్ తగిలే కనెక్టర్ రకం) ఎస్‌ఎస్‌డీ, 480 లేదా 500 జీబీ చాలు. ఈ తరం లాప్‌టాప్‌లలో ఎం.2 స్లాట్ (చిన్న పట్టీలాంటి ఎస్‌ఎస్‌డీ పెట్టే చోటు) ఉన్నా చాలావాటిలో అది సాటా రకమే. సర్వీస్ మాన్యువల్ చూడకుండా ఎన్‌వీఎంఈ (సాటా కాని మరో రకం ఎం.2 ఎస్‌ఎస్‌డీ) తీసుకోకండి. ఎస్‌ఎస్‌డీ మందం 7 మి.మీ., పాత డిస్క్ 9.5 మి.మీ. అయితే మందం సరిచేసే స్పేసర్ (చిన్న ఫ్రేమ్) వేయించండి, లేకపోతే కనెక్టర్ వదులై మధ్యలో డ్రైవ్ కనిపించకుండా పోతుంది.

పాత డిస్క్‌ని క్లోన్ చేయడం (ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి కాపీ చేయడం) కన్నా విండోస్ కొత్తగా వేయడమే నా సలహా. బ్యాడ్ సెక్టార్లు (చెడిపోయిన చోట్లు) ఉంటే క్లోనింగ్ సగంలో ఆగిపోతుంది, పాత చెత్త కూడా వెంట వస్తుంది. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఇన్‌స్టాలర్ చేసుకుని, పాత డిస్క్ పూర్తిగా తీసి పక్కన పెట్టాకే ఇన్‌స్టాల్ చేయండి. రెండు డ్రైవులూ తగిలించి ఉంచితే బూట్ ఫైళ్లు పాతదాని మీదే మిగిలిపోవచ్చు, తర్వాత దాన్ని తీయగానే మెషీన్ లేవదు. ప్రొడక్ట్ కీ అడిగితే లేదని చెప్పి పాత ఎడిషనే (హోమ్ లేదా ప్రో) ఎంచుకోండి. డిజిటల్ లైసెన్స్ మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది కాబట్టి నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది. 480 జీబీ డ్రైవ్ 447గా కనిపిస్తే కంగారు పడకండి, లెక్క పద్ధతుల్లో తేడా అంతే. పాత డిస్క్‌కి యూఎస్‌బీ కేసు తగిలిస్తే బ్యాకప్‌కి పనికొస్తుంది.

ర్యామ్ విషయంలో ఐదో తరానికి 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ రకం కావాలి. 1.5 వోల్టుల డీడీఆర్3 స్టిక్ చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, స్లాట్‌లోనూ పడుతుంది, కానీ పనిచేస్తుందన్న భరోసా లేదు. లేబుల్ మీద ‘పీసీ3ఎల్’ అని ‘ఎల్’ ఉందో లేదో చూడండి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట సెకండ్‌హ్యాండ్ స్టిక్ తీసుకుంటే ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్‌ని కనీసం ఒక పాస్ (ఒక పూర్తి విడత) నడిపి చూసుకోండి. వేసేటప్పుడు ఛార్జర్ తీసి, లోపలి బ్యాటరీ కనెక్టర్ కూడా ఊడదీయండి. స్టిక్‌ని ఏటవాలుగా, బంగారు రంగు కాళ్లు దాదాపు కనిపించనంత లోపలికి నెట్టి, అప్పుడు కిందికి నొక్కితే రెండు వైపులా క్లిప్పులు టక్కుమని పడతాయి. ఆన్ చేస్తే తెర నల్లగానే ఉండి బీప్‌లు వస్తే చాలాసార్లు స్టిక్ సరిగ్గా కూర్చోకపోవడమే కారణం. తీసి, కాళ్లని మెత్తటి రబ్బరుతో తుడిచి మళ్లీ పెట్టండి.

ర్యామ్ బూస్టర్, క్లీనర్ సాఫ్ట్‌వేర్లు వద్దు. ర్యామ్‌లో ఉన్నదాన్ని బలవంతంగా డిస్క్ మీదికి తోసి ఖాళీ అంకె చూపిస్తాయి, కాసేపటికి అదంతా మళ్లీ చదవాల్సి వస్తుంది.

ఇంకో సంగతి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ (భద్రతా అప్‌డేట్లతో సహా) 2025 అక్టోబర్ 14తో ముగిసింది, విండోస్ 11 అధికారికంగా ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే. బ్యాంకు పనులకి ఈ లాప్‌టాపే వాడుతుంటే ఎస్‌ఎస్‌డీ వేసే రోజే విండోస్ బదులు వాడుకునే ఉచిత, తేలికైన ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ గురించి కూడా ఆలోచించండి. ముందు పెన్‌డ్రైవ్ నుంచే లైవ్‌గా (ఇన్‌స్టాల్ చేయకుండానే) నడిపి వైఫై, ప్రింటర్ పనిచేస్తున్నాయో లేదో చూసుకోవచ్చు.