డాక్టర్ సలహా: క్లీన్ ఈటింగ్ సరే, క్రియాటినిన్ ఎంతుంది బాబూ?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 29 ఏళ్ళు, మాది కవిటి దగ్గర పల్లెటూరు, ఉద్యోగం శ్రీకాకుళంలో. బరువు 78 కిలోలు. ఆర్నెల్లుగా క్లీన్ ఈటింగ్ చేస్తున్నా. పంచదార, మైదా, బయట తిండి మానేశా, రాత్రి అన్నం కూడా లేదు. రోజూ 3 స్కూపులు వే ప్రోటీన్ పొడి, 6 ఎగ్ వైట్స్, పావుకిలో చికెన్, పొద్దున్నే పచ్చి పాలకూర జ్యూస్. 8 కిలోలు తగ్గాను. ఓట్స్ మంచివా, చోడి (రాగి) అంబలి మంచిదా? రాత్రి అన్నం మానేస్తే నష్టం ఏమైనా ఉందా? జిమ్ వల్ల మోకాళ్ళు లాగుతుంటే వారానికి మూడు నాలుగు సార్లు మెడికల్ షాపులో నొప్పి మాత్ర తెచ్చుకుని వేస్కుంటున్నా. మూత్రంలో కొంచెం నురగ వస్తోంది, ప్రోటీన్ ఎక్కువై పోతోందేమో. మా పెదనాన్నకి డయాలసిస్ జరుగుతోంది. (పేరు వద్దన్నారు)

జవాబు: మీరు అడిగింది ఓట్సా చోళ్ళా అని, నా కన్ను మాత్రం ఆఖర్న రాసిన మూడు ముక్కల దగ్గర ఆగిపోయింది. నొప్పి మాత్ర, నురగ, పెదనాన్నగారి డయాలసిస్. ఇవి ముందు రాయాలి బాబూ, ఎగ్ వైట్ల లెక్క తర్వాత.

పంచదార, మైదా మానేశారు, బరువు తగ్గారు, మంచిదే, దాని గురించి నేను చెప్పేదేం లేదు. కానీ కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు వైపు నుంచి ఎవరొచ్చి ఏ డైట్ గురించి అడిగినా క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష) ఎప్పుడు చూపించుకున్నారు అనే నా మొదటి మాట. ఈ ఊళ్ళన్నీ ఉన్న ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి మీకు నేను చెప్పాలా, ఇంట్లోనే ఉంది కదా. నీళ్ళ వల్లా, ఎండలో చాకిరీ వల్లా, పురుగుమందుల వల్లా, వంశంలో ఉందా, ఇదే కారణం అని ఇప్పటికీ తేలలేదు. జబ్బు తీరు మాత్రం తెలుసు, షుగర్ లేనోళ్ళకి వస్తుంది, బీపీ మొదట్లో చాలామందికి మామూలుగానే ఉంటుంది, కాళ్ళ వాపు కూడా ఉండకపోవచ్చు, మనిషి శుభ్రంగా పనికెళ్ళిపోతుంటాడు, ఆకలి తగ్గి నీరసం వచ్చి చూపించుకునేసరికి ఆలస్యం అయిపోయుంటుంది.

నురగ గురించి. తిన్న ప్రోటీన్ ఎక్కువైతే అది నేరుగా మూత్రంలోకి ప్రోటీన్ గా రాదు, విరిగి యూరియాగా పోతుంది. నురగ ఊరికే కూడా రావొచ్చు, నీళ్ళు తక్కువ తాగినా, ధార వేగంగా ఉన్నా వస్తుంది. రోజూ వస్తూ, కాసేపటికీ పోకుండా ఉంటే అల్బుమిన్ (రక్తంలో ఉండే ప్రోటీన్) లీకవుతోందేమో చూడాలి, చూడకుండా ఇక్కడ్నుంచి నేను ఏదీ ఖాయంగా చెప్పలేను. ఇంకో తిరకాసు ఉంది, ఉద్దానం రకంలో ప్రోటీన్ పెద్దగా పోదు, కాబట్టి యూరిన్ స్ట్రిప్ బాగుంది కదా అని ఇంటికెళ్ళిపోతే లాభం లేదు. రక్తంలో క్రియాటినిన్, దాన్నుంచి లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు ఎంత వడగడుతున్నాయో చెప్పే అంకె), యూరిన్ అల్బుమిన్ క్రియాటినిన్ రేషియో (మూత్రంలో అల్బుమిన్ ఎంత పోతోందో చూసేది), బీపీ, ఈ నాలుగూ కావాలి. ముందురోజు జిమ్ వద్దు, రాత్రి మాంసం వద్దు, క్రియాటిన్ పొడి (కండ కోసం జిమ్ వాళ్ళు వాడేది) వాడుతుంటే ఆ మాట చెప్పండి, లేకపోతే నంబర్ పెరిగినట్టు కనబడి అనవసరంగా భయపడతారు. తేడా ఉంటే ఒక్క రిపోర్ట్ తో తేల్చరు, మళ్ళీ చేయిస్తారు, ఈజీఎఫ్ఆర్ 60 కంటే తక్కువగా ఉండడం గానీ, మూత్రంలో అల్బుమిన్ పోవడం లాంటి కిడ్నీ దెబ్బతిన్న గుర్తులు గానీ 3 నెలలకు మించి ఉంటేనే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటాం.

ఇప్పుడు ఆ మాత్ర. ఏ మాత్రో మీరు రాయలేదు, మీకూ తెలిసుండదు. మా ఓపీకి రోజూ వస్తారు ఇలా, జేబులోంచి చిన్న కాయితం పొట్లం తీసి విప్పుతారు, అందులో స్ట్రిప్ నుంచి కత్తెరతో కోసిన ఒక మాత్ర ముక్క ఉంటుంది, పేరున్న ముక్క షాపులోనే ఉండిపోయింది, వెనక వెండిరేకు మీద మూడు అక్షరాలు, వాటితో నేనేం చదవను? ఏటి మాత్ర అంటే "నొప్పిదండి, పసుపుది". డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ లాంటివి కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి. ఎప్పుడో ఒకటీ అరా వేస్కున్న ఆరోగ్యవంతుడికి పెద్దగా ఏం కాకపోవచ్చు, మీరు జిమ్ లో చెమటలు కక్కి, ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు, వారానికి నాలుగు సార్లు, అదీ ఇంట్లో కిడ్నీ పేషెంట్ ఉండగా వేస్కుంటున్నారు. పంచదార విషం అని మానేసి దీన్ని మాత్రం టిఫిన్ లాగా మింగుతున్నారు, ఇదెక్కడి క్లీన్ అండీ? ఈరోజు నుంచి ఆపేయండి. మోకాళ్ళకి బరువులు తగ్గించి ఆర్థో డాక్టర్ కి చూపించండి, నొప్పికి ఏం వాడాలో ఆయన మీ రిపోర్ట్ చూసి చెప్తారు. డాక్టర్ రాసిచ్చిన మందులు వేరే ఏవైనా ఉంటే అవి మీ అంతట మీరు ఆపొద్దు.

ప్రోటీన్: ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లెక్కన రోజుకి కిలో బరువుకి 0.83 గ్రాములు, మీకు సుమారు 65. స్కూపులతోనే 70 దాటేస్తున్నారు. కిడ్నీలు బాగున్నవాడికి ప్రోటీన్ వల్లే అవి పాడవుతాయని గట్టి రుజువు లేదు, మీవి బాగున్నాయో లేదో తెలీదు, అదీ ఇక్కడ చిక్కు. రిపోర్ట్ వచ్చేదాకా డబ్బా మూత పెట్టేయండి, పప్పు, గుడ్డు, చేప చాలు. 2024 లో ఐసీఎంఆర్ వాళ్ళు ఇచ్చిన ఆహార సూచనల్లో కూడా కండ కోసం ఈ పొడులు వద్దనే ఉంది. పచ్చి పాలకూర జ్యూస్ కూడా ఆపండి, అందులో ఆక్సలేట్ ఎక్కువ, రోజూ తాగితే రాళ్ళకి, కొందరిలో కిడ్నీ దెబ్బతినడానికి కూడా దారి. వండుకుని కూరగా తినండి. సైంధవ లవణం వాడుతున్నారేమో, అదీ సోడియమే, మొత్తం ఉప్పు రోజుకి 5 గ్రాముల లోపు, ఆవకాయ, ఎండుచేపలు కలిపి. లో సోడియం ఉప్పు పొటాషియంతో చేస్తారు కాబట్టి రిపోర్ట్ చూడకుండా కొనొద్దు.

మీ డైట్ చార్ట్ పెదనాన్నగారికి పెట్టకండి, ఇది మర్చిపోవద్దు. డయాలసిస్ అయ్యేవాళ్ళకి ప్రోటీన్ మామూలు మనిషి కంటే ఎక్కువే కావాలి, నీళ్ళు మాత్రం కొలత, పొటాషియం ఎక్కువ కాబట్టి కొబ్బరినీళ్ళు ఇచ్చే ముందు వాళ్ళ డాక్టర్ ని అడగాలి. ఇంట్లో కొబ్బరిచెట్లున్నాయని ప్రేమగా రోజుకో బొండం కొట్టి ఇస్తుంటారు మనవాళ్ళు.

శ్రీకాకుళంలోనే ఉన్నారు కాబట్టి ప్రభుత్వాసుపత్రిలో చూపించుకోవచ్చు, ఊరు వెళ్తే పలాసలో 2023 డిసెంబర్ లో మొదలైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ఉంది. ఈ వారంలోనే. మూత్రం తగ్గిపోయినా, ముఖం వాచినా, ఆయాసం వచ్చినా వారం కూడా ఆగొద్దు. ఏటవుద్దిలే అని పండగ దాటాక, నెలాఖరు దాటాక అని వాయిదా వేసేవాళ్ళని చూసి చూసి నాకు విసుగొచ్చేసింది.

రాత్రి అన్నం మానేసినందుకు నష్టం లేదు, తిన్నా లేదు, కొలతగా తింటే. ఓట్స్, చోడి అంబలి రెండూ మంచివే, చోళ్ళలో కాల్షియం ఎక్కువ, మన దగ్గర చవక కూడా. కానీ అంబలిలోకి ఉల్లిపాయ, పచ్చిమిరప నంజుకోండి, ఉప్పు మిరపకాయలు కాదు.