అన్‌పబ్లిష్డ్ అని ఉన్న రిఫరెన్స్ ఎలా వెతకాలి

తల్లీ, నువ్వు చదివే ఫిజిక్స్ పేపర్లో ఒక రిఫరెన్స్ గురించి "అన్‌పబ్లిష్డ్ అని ఉంది బాబాయ్, ఎక్కడా దొరకట్లేదు" అన్నావు కదా, ఫోన్లో చెప్తే సగం జారిపోతుందని రాస్తున్నా.

ముందు ఆ రిఫరెన్స్ లైన్ మళ్ళీ చూడు, పేరు కాదు, పక్కన నంబరేమైనా ఉందా అని. 1991లో ఆర్కైవ్ (arXiv) అనే ఆన్‌లైన్ పేపర్ల భాండారం వచ్చేదాకా ఇన్‌స్టిట్యూట్లు ప్రీప్రింట్లకి, అంటే జర్నల్లో రాకముందే పంచే పేపర్లకి, సొంత నంబర్లు వేసి పోస్టులో పంచుకునేవి. ఐసీ (IC) అని మొదలైతే ఇటలీలో ట్రియెస్టె ఫిజిక్స్ సెంటర్‌ది, స్లాక్-పబ్ (SLAC-PUB) అంటే అమెరికాలో స్లాక్ ల్యాబ్‌ది. ఇన్‌స్పైర్ (INSPIRE) అనే ఫిజిక్స్ పేపర్ల వెబ్‌సైట్‌లో ఆ నంబరే కొట్టు, టైటిల్ నమ్ముకోకు, జర్నల్‌కి వెళ్ళేసరికి టైటిళ్ళు మారిపోతాయి. జపాన్‌లో కేఈకే (KEK) ఫిజిక్స్ ల్యాబ్ లైబ్రరీ వాళ్ళు తమకొచ్చిన పాత ప్రీప్రింట్లు బోలెడు స్కాన్ చేసి పెట్టారు, ఆ లింక్ ఇన్‌స్పైర్ పేజీలోనే ఉంటుంది, కంగారులో దాటేస్తారు. రష్యాలో దుబ్నా ఇన్‌స్టిట్యూట్ రిపోర్టులైతే అంతర్జాతీయ అణుశక్తి సంస్థ వాళ్ళ ఐనిస్ (INIS) డేటాబేస్‌లో చూడు. జెనీవా దగ్గరి సెర్న్ ల్యాబ్‌వైతే వాళ్ళ వెబ్‌సైట్ సెర్న్ డాక్యుమెంట్ సర్వర్. క్వార్కుల (ప్రోటాన్ లోపలుండే కణాల) మీద ఫిజిసిస్ట్ జార్జ్ జ్వైగ్ 1964లో రాసిన రెండు రిపోర్టులు అప్పట్లో ఏ జర్నల్లోనూ రాలేదు, ఇవాళ హాయిగా అక్కడే చదువుకోవచ్చు, కాబట్టి అన్‌పబ్లిష్డ్ అనగానే ఆశ వదిలేయకు.

"ఇన్ ప్రిపరేషన్" అని ఉంటే కథ వేరు. ఆ ఆథర్ తర్వాత రెండు మూడేళ్ళలో రాసినవన్నీ తిరగెయ్యి, అదే లెక్క ఇంకో పేరుతో ఇంకో కో-ఆథర్‌తో బయటికొచ్చి ఉండొచ్చు, లేదా సమ్మర్ స్కూల్ లెక్చర్ నోట్స్‌లోనో స్టూడెంట్ థీసిస్‌లో ఒక చాప్టర్‌గానో ఉండొచ్చు. థీసిస్‌లో అయితే నీ అదృష్టం, పేపర్లో మింగేసిన స్టెప్పులన్నీ అందులో ఉంటాయి.

"ప్రైవేట్ కమ్యూనికేషన్" అంటే మాత్రం అసలు కాగితమే లేకపోవచ్చు. 1972లో ఫ్రాన్స్‌లో మార్సెయ్ మీటింగ్‌లో డచ్ ఫిజిసిస్ట్ టూఫ్ట్ ('t Hooft) బీటా ఫంక్షన్ (బలం తీవ్రత ఎనర్జీతో ఎలా మారుతుందో చెప్పేది) సైన్ గురించి లేచి చెప్పాడు, అప్పుడు దాని మీద పేపర్ మాత్రం రాయలేదు.

మీ బెంగళూరు ఐఐఎస్‌సీ లైబ్రరీలో కౌంటర్ దగ్గరికెళ్ళి మనిషిని అడుగు, వేరే లైబ్రరీకి రాసి తెప్పించే దారి వాళ్ళకి తెలుసు. సదాశివనగర్‌లో రామన్ ఇన్‌స్టిట్యూట్ నీకు ఆటో దూరమే, అక్కడా అడుగు.

ఆఖర్న మెయిల్. ఆథర్‌కే కాదు, దాన్ని సైట్ చేసినవాళ్ళకి కూడా రాయి, వాళ్ళ దగ్గర జిరాక్స్ కాపీ ఉండే ఛాన్స్ ఎక్కువ. "మీ పేపర్ పంపండి" అని ఊరికే రాయకు, ఏ ఈక్వేషన్ కోసం కావాలో, నువ్వెక్కడ ఆగావో నాలుగు లైన్లలో రాయి, పెద్దవాళ్ళు అలాంటి వాటికి ప్రేమగా జవాబిస్తారు. అప్పటికీ దొరక్కపోతే చూసినట్టు సైట్ చెయ్యకమ్మా, ఫలానా పేపర్లో ప్రస్తావించారు అని రాసి, ఆ రిజల్ట్ నువ్వే డిరైవ్ చేసి అపెండిక్స్‌లో పెట్టు.

బాబాయ్