కార్పొరేషన్ గ్రాంటు తీసుకుంటే ఏసీబీ పరిధిలోకి వస్తామా?

ప్రశ్న: గుంటూరులో మా పేట కుర్రాళ్లం కలిసి యువజన సంఘం నడుపుతున్నాం. సాయంత్రాలు పదో తరగతి పిల్లలకు ట్యూషన్, ఆదివారాలు కబడ్డీ. 2016లో సొసైటీగా రిజిస్టర్ చేయించాం. ఆ తర్వాత ఆ ఆఫీసు గడప తొక్కలేదు. వేసవి శిబిరానికి నగరపాలక సంస్థ నుంచి రెండు లక్షలు ఇప్పిస్తానని స్థానిక నాయకుడొకరు అంటున్నారు. అందుకు ఆయన బావమరిదిని కోశాధికారిగా పెట్టుకోవాలట, పది శాతం ‘ఖర్చులకు’ పక్కన పెట్టాలట. అమెరికాలో ఉన్న మిత్రుడు కూడా యాభై వేలు పంపుతానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ పది శాతం సంగతి చూద్దాం. మీది స్వచ్ఛంద సంఘం కదా, ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) గొడవలు ప్రభుత్వ ఉద్యోగులకే అనుకుంటున్నారేమో. 1988 నాటి అవినీతి నిరోధక చట్టం ‘పబ్లిక్ సర్వెంట్’ అంటే ఎవరో చెప్పేచోట, ప్రభుత్వం నుంచి గానీ స్థానిక సంస్థ నుంచి గానీ ఆర్థిక సాయం పొందిన విద్యా, సామాజిక, సాంస్కృతిక సంస్థల కార్యవర్గ సభ్యులను, సిబ్బందిని కూడా కలిపేసింది. ఇప్పుడు పొందుతున్నవారే కాదు, గతంలో పొందినవారూ అందులోకి వస్తారు. అంటే కార్పొరేషన్ చెక్కు మీ ఖాతాలో పడ్డాక ఆ చట్టం దృష్టిలో మీ అధ్యక్షుడూ, కార్యదర్శీ పబ్లిక్ సర్వెంట్లే. ఇరవై వేలు నాయకుడికిచ్చి, ఆ లోటు పూడ్చడానికి టెంటు బిల్లో టిఫిన్ల బిల్లో పెంచి రాయిస్తే చిక్కుకునేది సంతకం పెట్టిన మీరే. ఆయన పేరు ఏ కాగితం మీదా ఉండదు. పైగా 2018 సవరణ తర్వాత లంచం ఇవ్వడం కూడా నేరమే, ఏడేళ్ల దాకా జైలు పడవచ్చు. బలవంతం మీద ఇచ్చినవాళ్లు ఏడు రోజుల్లోగా పోలీసులకో ఏసీబీకో చెప్పుకుంటే రక్షణ ఉంది.

ఇక గ్రాంటు విషయం. అది మీ హక్కు కాదు, ఆయన జేబులోంచి ఇచ్చేదీ కాదు. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూలులో ఆటస్థలాలూ, విద్యా సాంస్కృతిక కార్యక్రమాల ప్రోత్సాహమూ పట్టణ సంస్థల పనుల జాబితాలో ఉన్నాయి. అంతమాత్రాన అడిగిన ప్రతి సంఘానికీ డబ్బివ్వాలని లేదు. బడ్జెట్‌లో పద్దు ఉండాలి, మంజూరు ఉత్తర్వు రావాలి. ఏప్రిల్‌లో అర్జీ పెట్టి మే శిబిరానికి చెక్కు వస్తుందని ఆశపడకండి. ఈలోపు పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు వేయండి: గత మూడేళ్లలో యువజన, క్రీడా కార్యక్రమాలకు ఏ పద్దు కింద, ఏ సంఘాలకు, ఎంత ఇచ్చారు? ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. మీలాంటి సంఘానికే ఇచ్చి, మీకు కారణం చెప్పకుండా కాదంటే అందరినీ సమానంగా చూడాలనే రాజ్యాంగం 14వ అధికరణం కింద హైకోర్టులో రిట్ వేసే వీలుంది. ప్రభుత్వ సాయం ఇష్టారాజ్యంగా పంచడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 1979లోనే అంది. అయినా రెండు లక్షల కోసం రిట్ దాకా వెళ్లమని నేను చెప్పను.

నన్నడిగితే ఈ ఏడాదికి డబ్బు అడగొద్దు. మైదానం, కమ్యూనిటీ హాలు, తాగునీళ్ల ట్యాంకరు అడగండి. కమిషనర్ పేర అర్జీ రాసి ఇన్‌వర్డులో ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర, నంబరు వేయించుకోండి.

ఈలోగా మీ ఇల్లు చక్కబెట్టుకోండి. 2001 సొసైటీల చట్టం ప్రకారం ఏటా జనరల్ బాడీ జరిపి, కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. ఇన్నేళ్లుగా ఇవ్వలేదు కాబట్టి ఆఫీసు లెక్కలో 2016 కార్యవర్గమే ఇప్పటికీ ఉంది. పాత తేదీలతో తీర్మానాలు మాత్రం పుట్టించకండి. ఒక సంఘం వాళ్లు తెచ్చిన మినిట్స్ పుస్తకంలో ఐదేళ్ల తీర్మానాలూ ఒకే సిరాతో, ఒకే చేతిరాతతో ఉన్నాయి. 2021లో పోయిన సభ్యుడు 2022 సమావేశానికి హాజరై సంతకం కూడా పెట్టాడు! ఆలస్యమైందని ఒప్పుకుని ఇప్పుడు సమావేశం పెట్టి, ఇవాళ్టి తేదీతోనే కాగితాలు వేయండి. ఆడిట్ చేయించండి. రేపు గ్రాంటు వచ్చినా ఖర్చయ్యాక డబ్బు ఇచ్చిన పనికే వాడామని చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఇవ్వాల్సిందే. మీ ఖర్చులో పెద్ద వాటా ప్రభుత్వ సొమ్మే అయితే మీ సంఘం మీదే ఎవరైనా సమాచార హక్కు దరఖాస్తు వేయవచ్చు. ఇలాంటి స్వచ్ఛంద సంస్థలూ ఆ చట్టం కిందికి వస్తాయని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది.

అమెరికా మిత్రుడి దగ్గర అడగాల్సింది ఒక్కటే: పాస్‌పోర్టు ఏ దేశానిది? గ్రీన్‌కార్డు ఉన్నా భారత పౌరుడే అయితే, సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కాదు. హాయిగా తీసుకోండి, పాస్‌పోర్టు కాపీ ఫైల్లో పెట్టుకోండి. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం, భారత సంతతి విదేశీయులకిచ్చే ఓసీఐ కార్డున్నా సరే, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా రూపాయి కూడా ముట్టకూడదు. ఇక్కడున్న వాళ్ల నాన్నగారి ఖాతాలో వేసి అక్కణ్నుంచి మళ్లిద్దాం అనే ఐడియా మీకు వచ్చే ఉంటుంది. వద్దు.

బావమరిది గారి సంగతంటారా, కోశాధికారిని మీ బైలా ప్రకారం ఎన్నుకోవాలి గానీ బయటివాళ్లు నియమించలేరు. ఆయనకు అంత ఆసక్తి ఉంటే సభ్యత్వ రుసుం కట్టి వచ్చే జనరల్ బాడీలో పోటీ చేయమనండి. రుసుముకు రసీదు ఇవ్వడం మరిచిపోకండి.