రోమ్ గురించి రాస్తానంటున్న మేనకోడలికి

అమ్మడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఏడాది జీతం లేని సెలవు పెట్టి, రోమన్ గణతంత్రం మీద పిల్లలకి తెలుగులో పుస్తకం రాస్తావట. "దీన్ని చెడగొట్టింది నువ్వే అన్నయ్యా" అని అరగంట తిట్టింది. తిట్లు తింటూనే లోపల్లోపల మురిసిపోయాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. జీతం మీ అమ్మ దిగులు. నా దిగులు వేరే.

ముందు చిల్లర సంగతులు. క్రీస్తు పూర్వపు ఏళ్ళు వెనక్కి నడుస్తాయి, గోడకి కాగితం అంటించి గీత గీసుకో. ఆ పేరుమోసిన వక్తని సిసిరో అంటావో కికెరో అంటావో మొదట్లోనే తేల్చుకో. ట్రిబ్యూన్ అంటే ప్రజల తరఫు అధికారి, మనవాళ్ళకేమో పేపరు గుర్తొస్తుంది, సెనేట్ అంటే పార్లమెంటు అనుకుంటారు. చట్టం ప్రజల సభలో ఓటుతో అయ్యేది, సెనేట్ ఇచ్చేది సలహా మాత్రమే. ఆ సలహాని కాదనే దమ్ము ఎందరికుందన్నది వేరే కథ. క్వెస్టర్‌కి ఖజానా లెక్కలు, ప్రీటర్‌కి న్యాయస్థానాలు, పైన ఏడాదికి ఇద్దరు కాన్సళ్ళు. ఈ మెట్లన్నీ ఒక్క పేజీలో ఎక్కించెయ్.

ఇప్పుడు నీకెప్పుడూ చెప్పనిది చెబుతాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకాయన వచ్చి, డిగ్రీ పిల్లలకి చరిత్ర గైడు రెండు వారాల్లో కావాలన్నాడు. రాసిచ్చాను. అందులో ఒక వాక్యం: "రోమ్‌లో పెట్రీషియన్లు ధనికులు, ప్లెబియన్లు పేదలు, వీరి పోరాటమే గణతంత్ర చరిత్ర." రాసినప్పుడు నాకు నేనే భుజం తట్టుకున్నాను. దానికి ఆధారం లేకపోలేదు. క్రీ.పూ. 494లో అప్పుల బాధ పడలేక ప్లెబియన్లు నగరం వదిలి కొండెక్కి కూర్చున్నారు, తమ కోసం ట్రిబ్యూన్ పదవి సాధించుకున్నారు. నేను ఆ ఒక్క బొమ్మనే నాలుగు వందల ఏళ్ళ పొడుగునా ఈడ్చేశాను.

గైడు అచ్చయ్యాక ఒకరోజు క్లాసులో వెనక బెంచీ కుర్రాడు లేచి, "సార్, క్రాసస్ ప్లెబియనే కదా?" అన్నాడు. "కూర్చో" అన్నాను. అంతే అన్నాను. సాయంత్రం లైబ్రరీకి పోయి చూస్తే నిజమే. రోమ్‌లో పేరుమోసిన కోటీశ్వరుడు ప్లెబియన్. సేనాని పాంపే ప్లెబియన్. పెట్రీషియన్ వంశపు సీజర్ ఏమో పీకల్లోతు అప్పుల్లో ఉన్నాడు. 61లో స్పెయిన్‌కి గవర్నరుగా బయల్దేరబోతే అప్పులవాళ్ళు కదలనివ్వలేదు. 830 టాలెంట్లకి (టాలెంటంటే వెండి తూకం) హామీ పడి విడిపించింది ఎవరనుకున్నావ్? ఆ క్రాససే!

పెట్రీషియన్, ప్లెబియన్ అన్నవి పుట్టిన వంశాన్ని బట్టి వచ్చేవి. పుట్టుక వేరు, డబ్బు వేరు. ఇది మన ఊళ్ళో పుట్టి పెరిగినవాడికి ఒకరు చెప్పాలా? నాకు చెప్పాల్సొచ్చింది. 366లో మొదటి ప్లెబియన్ కాన్సల్ వచ్చాక డబ్బున్న ప్లెబియన్లూ పెట్రీషియన్లూ వియ్యాలందుకుంటూ ఒక్క జట్టయ్యారు. తర్వాతి కొట్లాటలు చాలావరకు ఆ జట్టులోవాళ్ళ మధ్యే. క్లోడియస్‌నే చూడు. పెట్రీషియన్, కానీ వాళ్ళకి ట్రిబ్యూన్ పదవి ఉండదు. 59లో తనకంటే చిన్నవాడైన ఒక ప్లెబియన్‌కి దత్తత వెళ్ళాడు! కాన్సల్‌గా ఉన్న సీజరే దగ్గరుండి జరిపించాడు. మరుసటేడు ట్రిబ్యూనై సిసిరోని దేశం దాటించి, ఇల్లు కూలగొట్టించాడు. ప్లెబియన్ అంటే పేదవాడే అయితే, ఈ దత్తత ఎవడికి కావాలి?

అచ్చయింది అచ్చయినట్టే ఉండిపోయింది. ఏటా జవాబు పత్రాలు దిద్దడానికి వెళితే నా వాక్యం ఎదురొచ్చేది, ఎక్కడెక్కడి పిల్లల దస్తూరీలోనో, కామాలతో సహా. ఏం చెయ్యను, పూర్తి మార్కులు వేసేవాణ్ణి. తప్పు నాది, మార్కులు వాళ్ళకి కోస్తే పాపం. ఆ వెనక బెంచీ కుర్రాడు మాత్రం మళ్ళీ ఎప్పుడూ లేచి ప్రశ్న అడగలేదు.

అందుకే నీకు గ్రాకస్ సోదరుల అధ్యాయం దగ్గర నా బెంగ. పదకొండేళ్ళప్పుడు ఈ కథ చెప్తే నువ్వు అన్నం మానేశావు, గుర్తుందా? విరిగిన బెంచీ కాళ్ళతో అన్న టైబీరియస్‌ని కొట్టి చంపారు, అతనితో పాటు మూడొందల మంది శవాలు టైబర్ నదిలో పడేశారు అనగానే కంచం తోసేశావు. మీ అత్తయ్య నన్ను తిట్టింది. ఆ కన్నీళ్ళతోనే రాస్తావేమోనని నా భయం. ప్రభుత్వ భూమి మనిషికి 500 జుగేరాలకి (మన ఎకరాల్లాంటి రోమన్ కొలత) మించి ఉండకూడదని ట్రిబ్యూన్‌గా టైబీరియస్ తెచ్చిన చట్టం మంచిదే. కానీ తోటి ట్రిబ్యూన్ ఆక్టేవియస్ వీటో చేస్తే, టైబీరియస్ ఓటు పెట్టి అతని పదవి పీకించాడు. పదిమంది ట్రిబ్యూన్లలో ఏ ఒక్కడైనా "ఆపు" అంటే ఆగాలన్న కట్టుబాటుని అతనే విరగ్గొట్టాడు. అటు చూస్తే, బలప్రయోగానికి కాన్సల్ స్కీవోలా ఒప్పుకోకపోయినా, ఏ అధికార పదవీ లేని సెనేటర్ నాసికా గుంపుని వెంటేసుకుని వెళ్ళి చంపించాడు. రెండూ రాయి. అన్నం మానెయ్యకుండా రాయి.

ఇవాళ్టి మన నాయకుల మొహాలు మాత్రం వాళ్ళకి అంటించకు. పిల్లలు నవ్వుతారు, పుస్తకం రెండేళ్ళకే పాతబడుతుంది.

ఉద్యోగం మానేస్తానని ఎక్కడా అనకు. మీ అమ్మకి నేను నచ్చజెబుతాలే. నా గైడు కాపీ ఒకటే మిగిలింది, రేపు కొరియర్లో పంపిస్తున్నా, ఎర్ర పెన్సిలు గీతలతో. మొదటి అధ్యాయం అవగానే పంపు. ఫోన్లో చదవలేను, పెద్దక్షరాల్లో ప్రింటు తీయించు. పక్కన మార్జిను ఎక్కువ వదులు.

మీ మావయ్య