వద్దని సంతకం పెట్టినవాళ్లలో నేనూ ఒకడిని

గుంటూరులో మీ కాలనీ చివరి ఖాళీ స్థలంలో గురుద్వారా కట్టబోతున్నారనీ, సగం ఇళ్లవాళ్లు వద్దని సంతకాలు సేకరిస్తున్నారనీ, ఎటు ఉండాలో మీకు తేలడం లేదనీ రాశారు. విజయవాడలో పటమట వైపు మా వీధిలో ఇదే గొడవ కొన్నేళ్ల క్రితం నడిచింది. వద్దన్న కాగితం మీద నాది నాలుగో సంతకం.

ఒక ఆదివారం మా డాబా మీదే సమావేశం పెట్టాం. మొదటి ప్రశ్న నేనే వేశాను: ‘గురునానక్ కాలనీలో ఒకటి ఉంది కదా, మళ్లీ ఇక్కడ ఎందుకు?’ అటువైపు నుంచి మాట్లాడడానికి వచ్చిన పెద్దాయనకు ఆటోనగర్‌లో లారీ విడిభాగాల దుకాణం ఉంది. తెలుగు మనలాగే మాట్లాడతారు. ‘ఈ వీధిలో మీకు రామాలయం ఉంది, వెనక వీధిలో ఇంకొకటి ఉంది. రెండోది ఎందుకని నేనెప్పుడైనా అడిగానా అండీ?’ అన్నారు. అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

తరువాత కత్తుల మాట వచ్చింది. కృపాణం ధరించడం సిక్కు మతాచరణలో భాగమని రాజ్యాంగం 25వ అధికరణ వివరణలోనే రాసి ఉందని మా ఎదురింటి లాయరుగారు చెప్పడంతో అది అక్కడితో ఆగింది. లారీ డ్రైవర్లు చేరి తాగుతారని ఒకరు భయపెట్టారు. గురుద్వారా ఆవరణలోకి మద్యం, పొగాకు రానివ్వరన్న సంగతి ఆయనకు తెలియదు. నిజానికి నష్టపోయింది మూల మీద ఉన్న కిళ్లీ కొట్టు, దాని గురించి ఎవరూ సంతకాలు సేకరించలేదు.

అసలు తకరారు మైకు దగ్గర వచ్చింది. వాళ్ల ప్రార్థన తెల్లవారకముందే మొదలవుతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు బయటికి వినబడేలా లౌడ్‌స్పీకర్ వాడకూడదు. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. లాయరుగారు ఇదంతా ఒప్పందంలో పెట్టమన్నారు. పెద్దాయన వెంటనే ఒప్పుకుని, కలం చేతిలోకి తీసుకుని, సంతకం పెట్టకుండా ఆగి అడిగారు: ‘ఇది వీధి మొత్తానికా, మాకేనా?’

అప్పుడు ధనుర్మాసం నడుస్తోంది. ఆ రోజు తెల్లవారుజామున నాలుగున్నరకు మా రామాలయం మైకులో తిరుప్పావై విని లేచినవాళ్లమే అందరం. డాబా మీద కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి రామాలయం కమిటీ గొణుక్కుంటూనే హారన్లు దింపి, లోపలికి చిన్న బాక్సులు పెట్టించింది. మా అమ్మకు అది ఇప్పటికీ నచ్చదు. నాకైతే పరీక్షల రోజుల్లో మా అబ్బాయి నిద్ర చెడిపోకపోవడమే పెద్ద మేలు.

అన్నీ సజావుగా జరిగాయని చెప్పను. కట్టిన మొదటి ఏడాది ఒక పెళ్లికి వచ్చిన వ్యాను మా గేటుకు అడ్డంగా ఆపి వెళ్లిపోయారు. అది నాన్నగారిని డయాలసిస్‌కు తీసుకెళ్లాల్సిన రోజు. డ్రైవరు దొరికేసరికి ముప్పావు గంట పట్టింది. ఆ రోజు నేను అన్న మాటలు ఇక్కడ రాయలేను. మర్నాడు నలుగురు ఇంటికి వచ్చి క్షమాపణ అడిగారు. పక్క సందులో ఖాళీ జాగా బండ్ల కోసం అద్దెకు తీసుకున్నారు. ఇప్పటికీ ఆదివారాలు ఒక కుర్రవాడు ఈల పట్టుకుని మలుపులో నిలబడతాడు. మురుగుకాలువ కూడా రెండుసార్లు పొంగింది. లంగర్, అంటే వచ్చినవాళ్లందరికీ ఉచితంగా పెట్టే భోజనం, నడపాలంటే రోజూ వంద కంచాలైనా కడగాలి, మెతుకులన్నీ కాలువలోకే. తూము దగ్గర ఇనుప జల్లెడతో గుంట కట్టించాక తగ్గింది. ఇవి ముందే అడగకపోవడం మా తప్పు. మతం గురించి మూడు గంటలు వాదించాం, తూము గురించి ఒక్కరమూ అడగలేదు.

అమ్మ సంగతి చెప్పాలి. బయట మంచినీళ్లు కూడా ముట్టని మనిషి. గురునానక్ జయంతి మన కార్తిక పౌర్ణమి రోజే వస్తుంది. ఆ సాయంత్రం 365 వత్తులు వెలిగించి వస్తుంటే లోపలికి పిలిచారట. తలమీద కొంగు కప్పుకుని వెళ్లి అందరితోపాటు చాప మీద కూర్చుంది. వాళ్లు ‘పంగత్’ అంటుంటే, ‘అది మన పంక్తే కదరా’ అంది నాతో. ఒక పక్క ఆటోనగర్ మెకానిక్, ఇంకొక పక్క మా వీధి ఊడ్చే ఆవిడ. మన పంక్తుల్లో ఈ ముగ్గురూ పక్కపక్కన కూర్చోవడం నేను చూడలేదు. అమ్మ దాని గురించి ఏమీ అనలేదు, పప్పులో కారం చాలలేదని మాత్రం అంది. తరువాతి వారం గోంగూర పచ్చడి జాడీ పంపింది.

మీరు సంతకం పెట్టే ముందు వాళ్ల ప్లాను కాపీ తెప్పించుకుని చూడండి. పై అంతస్తులో ఫంక్షన్ హాలు ఉందా, ఉంటే ఎంతమందికి, బండ్లు ఎక్కడ, వంటింటి నీళ్లు ఏ కాలువలోకి. జవాబులు కాగితం మీద తీసుకోండి. మీ వీధి గుడి మైకు కూడా అదే కాగితంలోకి వస్తుందని మీవాళ్లకు ముందే చెప్పి ఉంచండి.