ఇంటిపేరు ఫ్రేజర్ అయితే ఆ క్లాన్ వాళ్లమేనా?

ప్రశ్న: మా అమ్మ వాళ్లు ఆంగ్లో ఇండియన్లు. తాతయ్య రైల్వేలో పనిచేసేవారు, కాజీపేటలో ఉండేవారు, ఇంటిపేరు ఫ్రేజర్. ఆయన ముత్తాత స్కాట్లాండ్‌లోని ఇన్వర్నెస్ నుంచి సైనికుడిగా మద్రాసు వచ్చాడని ఇంట్లో చెప్పుకునేవారు. మొన్న మా అమ్మాయి ఆన్‌లైన్‌లో ‘ఫ్రేజర్ కుటుంబ చిహ్నం’ అంటూ ఫ్రేము కట్టిన బొమ్మ కొనబోతుంటే ఆపాను. నిజంగా మేం స్కాట్లాండ్‌లోని ఆ ఫ్రేజర్ క్లాన్ (ఒకే పేరుతో, ఒకే పెద్ద కింద ఉండే వంశసమూహం) వాళ్లమేనా? తెలుసుకునే దారి ఉందా?
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: ఆపి మంచి పని చేశారమ్మా. స్కాట్లాండ్‌లో డాలు మీద వేసే ఆ చిహ్నం కుటుంబం మొత్తానిది కాదు, ఒక్క మనిషిది. ఎడిన్‌బరోలో లార్డ్ లయన్ కోర్టు అని ఉంది, చిహ్నాలు మంజూరు చేసేది అదే, ఒకరికి ఇచ్చినదాన్ని ఇంకొకరు తమదిగా వాడుకుంటే అక్కడ చట్టం ఒప్పుకోదు. క్లాన్ సభ్యులు పెట్టుకోదగ్గది వేరే ఉంది, చుట్టూ బెల్టు, బకిల్ ఉండే బ్యాడ్జి. కొనాలనుకుంటే అది కొనుక్కోండి.

ఇక అసలు ప్రశ్న. క్లాన్‌లో చేరడం తేలిక, పూర్వీకుణ్ణి కనుక్కోవడం కష్టం, ఈ రెండూ వేర్వేరు విషయాలు. అమ్మ పుట్టింటి పేరు ఫ్రేజర్ అంటే క్లాన్ సొసైటీలు సాధారణంగా సంతోషంగా చేర్చుకుంటాయి. దాంతో రక్తసంబంధం రుజువైపోదు. మన దగ్గర ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లందరూ చుట్టాలు కానట్టే అక్కడా, పైగా క్లాన్ పెద్ద భూమిలో బతికే కౌలుదార్లు ఆయన పేరే పెట్టుకోవడం మామూలు. ఫ్రేజర్ల విషయంలోనైతే ఒక కథే ఉంది: లోవాట్ ప్రభువు తన బలగాన్ని పెంచుకోవడానికి ఫ్రేజర్ పేరు పెట్టుకున్నవాళ్లకు ఓట్స్ పిండి కొలిచి ఇచ్చాడని ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంకో చిక్కు, ఫ్రేజర్లలోనే రెండు శాఖలున్నాయి, ఈశాన్యాన సాల్టన్ వాళ్లు, ఇన్వర్నెస్ వైపు లోవాట్ వాళ్లు. మీ ఇంటి మాట నిజమైతే మీరు చూడాల్సింది రెండోది.

వెతుకులాట మాత్రం స్కాట్లాండ్ నుంచి మొదలుపెట్టకండి. ఎక్కువమంది దారితప్పేది ఇక్కడే, ఇంటర్నెట్‌లో ఎవరో కట్టిన వంశవృక్షంలో ఒక ఫ్రేజర్ దొరగారు కనిపిస్తే ఆయన కింద తమ పేరు తగిలించేస్తారు. మీ తాతయ్య దగ్గర మొదలుపెట్టి ఒక్కో తరం వెనక్కి వెళ్లండి. ఆయన బాప్టిజం, పెళ్లి ఏ చర్చిలో జరిగాయి, సాక్షులుగా ఎవరు సంతకం చేశారు, రైల్వే కాగితాలు, పింఛను కాగితాలు, పాత బైబిల్ మొదటి పేజీలో రాసిన పుట్టిన తేదీలు, ఇవన్నీ ఫోటో తీసి పెట్టుకోండి. బతికి ఉన్న పెద్దవాళ్లను ఈ నెలలోనే అడగండి, వాయిదా వేయొద్దు. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల బాప్టిజం, పెళ్లి, ఖననం రిజిస్టర్ల నకళ్లు లండన్ వెళ్లేవి, ఇప్పుడవి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఫైండ్‌మైపాస్ట్ అనే వెబ్‌సైట్‌లో డబ్బు కట్టి చూడొచ్చు, బ్రిటిష్ ఇండియా కుటుంబాల చరిత్ర చూసే ఫిబిస్ అనే సంస్థ సూచికలు ఉచితం. స్కాట్లాండ్ వాళ్లలో ఎక్కువమంది ప్రెస్బిటేరియన్లు (ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ) కాబట్టి, 1821లో తెరిచిన మద్రాసు ఎగ్మూరు సెయింట్ ఆండ్రూస్ కిర్క్ (చర్చి)ను కూడా మరవొద్దు.

ఆ రిజిస్టర్లలో ఒక చోట మనసు కలుక్కుమంటుంది, ముందే చెబుతున్నాను. తండ్రి పేరు, హోదా, రెజిమెంటు పూర్తిగా రాసి, తల్లి దగ్గరకొచ్చేసరికి చాలాసార్లు ఒట్టి బాప్టిజం పేరు, లేదా ‘నేటివ్ మహిళ’ అని మాత్రమే, ఒక్కోసారి అదీ ఉండదు. ఆ తల్లి తెలుగావిడో తమిళావిడో, ఆవిడా మీ పూర్వీకురాలే. సైనికుల వీలునామాల్లో కొన్నిసార్లు ఆవిడ పేరు దొరుకుతుంది. స్కాట్లాండ్ పూర్వీకుడి కోసం పడే కష్టంలో సగమైనా ఆవిడ కోసం పడండి.

ఆ సైనికుడు ఈస్టిండియా కంపెనీ సైన్యం వాడా, బ్రిటిష్ రాజుగారి రెజిమెంటు వాడా అన్నది తేల్చుకోండి. కంపెనీ వాడైతే మస్టర్ రోల్స్ (సైనికుల హాజరు పట్టీలు), ఓడ ఎక్కిన జాబితాలు బ్రిటిష్ లైబ్రరీలోనే ఉన్నాయి. 1803లో అస్సాయిలో పోరాడిన 78వ హైలాండర్స్ లాంటి రెజిమెంటు వాడైతే లండన్ కివ్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో డిశ్చార్జి కాగితాలు వెతకాలి, పుట్టిన పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం) వాటిలో రాసేవారు. మీకు కావలసింది ఆ పారిష్ పేరే. ‘ఇన్వర్నెస్’ ఒక్కటీ చాలదు, అది ఊరి పేరూ, జిల్లా పేరూ కూడా, ఆ పాత జిల్లాలో పడమటి తీరాన ఉన్న స్కై దీవి కూడా కలిసి ఉండేది.

పారిష్ దొరికాక స్కాట్లాండ్స్‌పీపుల్ వెబ్‌సైట్, ప్రభుత్వానిదే, పేర్లు వెతకడం ఉచితం, పత్రం చూడాలంటే కొద్దిగా కట్టాలి. 1855 జనవరి 1 నుంచి జనన మరణాలు, పెళ్లిళ్ల నమోదు అక్కడ తప్పనిసరి, అంతకుముందువి చర్చి రిజిస్టర్లే, ఉత్తరాన కొండ ప్రాంతమైన హైలాండ్స్‌లో వాటికి ఖాళీలెక్కువ. కిల్టార్లిటీ, కర్క్‌హిల్ లాంటి పారిష్‌లలో జాన్ ఫ్రేజర్లు లెక్కలేనంతమంది. అందుకే పిల్లల పేర్లు గమనించండి: పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు పెట్టే అలవాటు అక్కడ బలంగా ఉండేది. తల్లి పుట్టింటి పేరు కూడా రాస్తారు, ఒక ఫ్రేజర్‌ను ఇంకో ఫ్రేజర్ నుంచి విడదీసేది చాలాసార్లు అదే.

డీఎన్ఏ పరీక్ష మీరు చేయించుకుంటే ఫ్రేజర్ వరస తెలియదు. వై క్రోమోజోము తండ్రి నుంచి కొడుక్కే వెళ్తుంది, కాబట్టి మీ మేనమామ గానీ ఆయన కొడుకు గానీ ఒప్పుకోవాలి. ఫలితం ఇతర ఫ్రేజర్లతో కలిస్తే మంచి ఆధారమే. కలవకపోతే, ఏదో ఒక తరంలో పేరు తెచ్చుకున్నవాళ్లు కావొచ్చు, అందులో చిన్నతనమేమీ లేదు.

ప్రశ్న: మా అబ్బాయి ఎడిన్‌బరోలో ఉద్యోగం చేస్తున్నాడు. రాబర్ట్‌సన్ అనే ఇంటి అమ్మాయిని చేసుకుంటున్నాడు. పెళ్లిలో వాళ్ల టార్టన్ (గళ్ల నేత బట్ట) కిల్ట్, అంటే అక్కడి మగవాళ్లు నడుముకు కట్టుకునే కుచ్చుల వస్త్రం, కట్టుకుంటే తప్పవుతుందా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఏ చట్టమూ అడ్డురాదండీ. క్లాన్‌కో టార్టన్ అనే ఏర్పాటు కూడా చాలావరకు 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరో వచ్చిన తర్వాత స్థిరపడిందే. అయితే రాబర్ట్‌సన్ అన్న ప్రతివాళ్లూ హైలాండ్ క్లాన్ వాళ్లు కారు, రాబర్ట్ కొడుకు కాబట్టి రాబర్ట్‌సన్ అయినవాళ్లు పల్లపు ప్రాంతమైన లోలాండ్స్‌లో బోలెడు. కాబట్టి వియ్యంకుడు గారిని ముందే అడగండి, వాళ్ల ఇంట్లో ఏ టార్టన్ వాడతారో, మీవాడు కట్టుకుంటే వాళ్లకు ఇష్టమేనో. కొనాల్సిన పనిలేదు, అక్కడ పెళ్లిళ్లకు కిల్టులు అద్దెకు ఇస్తారు.